జామ్ ముందా, మీగడ ముందా?

2007లో ఆన్‌సైట్ పేరుతో తొమ్మిది నెలలు ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఉన్నాను. ఉద్యోగం గురించి చెప్పుకోడానికేమీ లేదు. పొద్దున్నే హైదరాబాద్ టీంతో కాల్, ఆ తర్వాత రోజంతా క్లయింటు ఆఫీసులో బగ్గులు. ఇన్నేళ్ళ తర్వాత కూడా గుర్తున్నది మాత్రం ఓ శుక్రవారం సాయంత్రం తిన్న స్కోన్.

తెలియనివాళ్ళ కోసం: మైదా, వెన్న, పాలు, బేకింగ్ పౌడర్ కలిపి ఓవెన్లో కాల్చే చిన్న గుండ్రటి రొట్టె అది. పెద్ద తీపి ఉండదు. మన ఇరానీ హోటల్ బన్నుకీ, ఉస్మానియా బిస్కట్టుకీ పెళ్ళి చేస్తే పుట్టే పిల్ల అనుకోండి. దాన్ని అడ్డంగా రెండు చేసి, జామ్, క్లాటెడ్ క్రీమ్ పూసి టీతో తింటారు. ఈ క్రీమ్ పేరు విని ఏదో అనుకున్నాగానీ, పాలనో క్రీమునో సన్నసెగ మీద గంటలకొద్దీ కాచి చల్లారిస్తే పైన పేరుకునేదే. అంటే మన మీగడే! కాకపోతే కార్నిష్ క్లాటెడ్ క్రీమ్ అని పేరు పెట్టాలంటే కొవ్వు కనీసం 55 శాతం ఉండాలని రూలుంది. 1998లో దానికి యూరప్‌లో చట్టరక్షణ కూడా తెచ్చుకున్నారు.

ప్లిమత్ ఉన్నది డెవన్‌లో. పక్కనే టేమర్ నది. వంతెన దాటితే కార్న్‌వాల్. డెవన్ వాళ్ళు ముందు మీగడ పూసి పైన జామ్ వేస్తారు. కార్న్‌వాల్ వాళ్ళు ముందు జామ్, పైన మీగడ. అంతే తేడా. ఆ మాత్రం దానికి ఎన్ని వాదనలో! మీగడంటే వెన్నలాంటిది, వెన్న ఎప్పుడూ రొట్టెకే ముందు రాస్తారు కదా అని వీళ్ళు. వేడి స్కోన్ మీద నేరుగా వేస్తే మీగడ కరిగిపోదూ అని వాళ్ళు. 2018లో కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ అనే పాత భవంతి వాళ్ళు, మదర్స్ డే ప్రకటనలో పొరపాటున మీగడ కింద, జామ్ పైన ఉన్న ఫొటో పెట్టారు. జనం విరుచుకుపడితే క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది.

ఇక పేరు పలకడం మీదా గొడవే. స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో ఎక్కువమంది "స్కాన్" అంటారు. ఇంకొన్నిచోట్ల "స్కోన్". స్కాట్లండ్‌లో బంగాళాదుంప ముద్దలో పిండి కలిపి పెనం మీద కాల్చిన పల్చటి అట్టని కూడా స్కోనే అంటారు. ప్రొద్దున ఫలహారంలో గుడ్డు పక్కన పెడతారు. అమెరికాలో అయితే మూడుమూలలుగా కోసి, పైన పంచదార పూత పూసి, మీగడా గట్రా లేకుండా కాఫీతో లాగించేస్తారు. ప్లిమత్ వాళ్ళకి ఆ సంగతి చెబితే జాలిగా చూశారు.

సరే, ఆ శుక్రవారం. ఎవరిదో పుట్టినరోజు. అందరిముందూ ప్లేట్లు పెట్టారు. ఏది ముందో నాకేం తెలుసు? జామూ మీగడా రెండూ ప్లేట్లో వేసి, ముద్దపప్పులో ఆవకాయ కలిపినట్టు కలిపేసి పూసుకున్నాను. గది నిశ్శబ్దం! తర్వాత ఒకటే నవ్వులు. నేనూ నవ్వి, "గలివర్ కథలో గుడ్డు ఏ వైపు పగలగొట్టాలని యుద్ధం చేసుకున్నది మీవాళ్ళేనా?" అన్నాను. మన బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ పేర్లు పుట్టింది ఆ కథలోంచే కదా. 1980లో డానీ కోహెన్ బైట్ల వరస గురించి రాస్తూ అక్కణ్ణుంచే తీసుకున్నాడు. జోకు బాగానే పేలింది.

మా టెస్టింగ్ టీంలో ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. రోజూ కార్న్‌వాల్ నుంచి వంతెన దాటి వచ్చేవాడు. (టోల్ ఇటు వచ్చేటప్పుడే కట్టాలి, అటు వెళ్ళేటప్పుడు అక్కర్లేదు. "కార్న్‌వాల్ వదిలిపోవాలంటేనే డబ్బు కట్టాలి" అని ఆయనే చెప్పేవాడు.) జామ్ పూసుకుంటూ నెమ్మదిగా అన్నాడు: "రుచిలో తేడా ఉందని నేననను. మా అమ్మ ఇలా చేసిచ్చేది. మీగడ ముందు వేస్తే ఎవరింట్లోనో తింటున్నట్టు ఉంటుంది." అంతే, మళ్ళీ పని మాటల్లో పడిపోయాడు.

నాకా రాత్రి నిద్ర పట్టలేదు. మాది భీమవరం. మా ఆవిడది కరీంనగర్. పెళ్ళయిన కొత్తలో తను పచ్చిపులుసు చేస్తే, మా అమ్మా నాన్నా ముందు "కాచకుండా చారేమిటి, పొయ్యి మీద పెట్టడం మర్చిపోయావా?" అని నవ్వాను. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ తర్వాత రెండేళ్ళలో మా ఇంట్లో మళ్ళీ పచ్చిపులుసు కనపడలేదు. అది నేను గమనించనైనా లేదు, చూశారా, అదీ సంగతి.

మర్నాడు ఫోన్ చేసి, ఈసారి వచ్చినప్పుడు పచ్చిపులుసు చేస్తావా అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "నువ్వే గదా అన్నది, గిదేం చారని" అంది. అవును, అన్నాను. తప్పే, అన్నాను. "చూద్దాం తీ" అని పెట్టేసింది.

తిరిగొచ్చిన రోజు కాదు, ఆ వారమంతా కూడా చెయ్యలేదు. నేను మళ్ళీ అడగలేదు. ఇరవై రోజుల తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పచ్చిఉల్లిపాయ ముక్కలు తేలుతూ గిన్నె నా ముందుకొచ్చింది. రెండుసార్లు వేయించుకున్నాను.

ఇప్పటికీ బేకరీలో స్కోన్ దొరికితే తెచ్చుకుంటాం. మీగడ ఇంట్లోదే. నేను ముందు జామే పూస్తాను, ఆ పెద్దాయన కోసం. మా ఆవిడ మీగడ ముందు పూస్తుంది. ఎందుకని నేను అడగను.

మరి మీ ఇంట్లో ఏది ముందు?