అమ్మ చేతి జీతం

కోల్‌కతా నగరంలోని శియాల్దా స్టేషనులో లోకల్ రైలెక్కితే ముప్పావుగంటలో టీటాగఢ్ చేరవచ్చు. హుగ్లీ నదీతీరాన, జనపనార మిల్లుల పొగగొట్టాల నీడలో వెలసిన ఆ పట్టణంలో నేను 1946లో జన్మించాను. మా తాత శ్రీకాకుళం ప్రాంతం నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఇతర ప్రాంతాల నుండి వచ్చిన కార్మికులలో పెక్కుమంది తమ కుటుంబాలను స్వగ్రామాలలోనే విడిచిరాగా, తెలుగువారు ఎక్కువగా ఆలుబిడ్డలతో తరలివచ్చారు. అందువల్ల మా లైన్లలో ఉదయం మిల్లు కూత వినగానే మగవారితోపాటు ఆడవారు కూడా పనికి బయలుదేరేవారు.

మా అమ్మ గోనెసంచులు కుట్టే విభాగంలో పనిచేసేది. జీతం అందిన నాడు ఆమె నడకే వేరుగా ఉండేది. కొంగున ముడివేసి తెచ్చిన డబ్బును చాపమీద పోసి, బియ్యానికింత, కిరసనాయిలుకింత, బడికింత అని విడివిడిగా పేర్చేది. నాన్న చెడ్డవాడు కాడు. కాని ఆయన జీతంలో కొంత గేటువద్ద కాచుకొని ఉండే కాబూలీవాలా వడ్డీకి, కొంత సారా దుకాణానికి పోగా మిగిలినదే ఇల్లు చేరేది. నన్నూ, నాకంటె మూడేళ్లు పెద్దదైన అప్పనూ తెలుగు బడికి పంపినది అమ్మ కొంగుముడిలోని డబ్బే.

1955లో అమ్మకు పని పోయింది. చేతితో కుట్టే సంచులను యంత్రాలు కుట్టసాగాయి. మగవాడి సంపాదనే సంసారానికి ఆధారమనీ, ఆడదాని కూలి పైఖర్చులకేననీ యజమానులే కాదు, మా లైన్లలోని పెద్దలు సైతం భావించారు. నాన్న కూడా ఎదురు చెప్పలేదు. ఆ పైఖర్చు ఏమిటో నెల తిరగకుండానే మాకు తెలిసివచ్చింది. ఒక రాత్రి అమ్మ దీపం ముందు కూర్చొని, "ఇద్దరికీ బడి సాగదు" అన్నది. ఎవరిని మాన్పించాలన్న ప్రశ్నే ఆ ఇంట్లో పుట్టలేదు. మరునాటినుండి అప్ప అమ్మ పక్కన కూర్చొని, బెంగాలీలు ఠోంగాలనే కాగితపు పొట్లాలు అంటించసాగింది. లెక్కలలో నాకంటె ఎంతో చురుకైనది అప్ప. ఆమె పుస్తకాలు తీసుకొని నేను బడికి వెళ్లాను. పదహారో ఏట ఆమెకు పెళ్లిచేసి పంపారు.

1968లో నేను కలకత్తాలోని ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరాను. కొన్నేళ్లకు, భారత స్త్రీల స్థితిగతులను పరిశీలించిన సంఘం 1974లో సమర్పించిన నివేదిక నా చేతికి వచ్చింది. ఆ సంఘానికి అధ్యక్షురాలు కలకత్తాకు చెందిన ఫుల్‌రేణు గుహ. కార్యదర్శిగా వ్యవహరించిన వీణా మజుందార్ ఈ నగరంలోనే జన్మించిన విదుషీమణి. మిల్లులలో, గనులలో స్త్రీలు ఏ విధంగా పనులు కోల్పోతూ వచ్చారో అందులో చదువుతూ ఉంటే మా ఇంటి కథ చదువుతున్నట్లే ఉన్నది.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో బెంగాల్ జనపనార మిల్లుల కార్మికులలో ఇంచుమించు ఐదోవంతు స్త్రీలే. 1970ల నాటికి వారు నూటికి ఇద్దరు ముగ్గురికి తగ్గిపోయారు. యంత్రాలు ఒక కారణం. స్త్రీలను రాత్రివేళ పనిలో ఉంచరాదన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మరొకటి. 1939లో బెంగాల్‌లో చేసిన ప్రసూతి సౌకర్యాల చట్టం తల్లుల రక్షణకే ఉద్దేశింపబడినా, స్త్రీని పనిలో పెట్టుకొంటే ఖర్చెక్కువని యజమానులు లెక్కవేశారు. 1929 నాటి జనపనార కార్మికుల సార్వత్రిక సమ్మెకు నాయకత్వం వహించినది ప్రభావతీ దాస్‌గుప్తా అనే మహిళ. అయినా స్త్రీలను తొలగించిననాడు కార్మిక సంఘాలు చాలావరకు గట్టిగా అడ్డుపడలేదు. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. అప్పటికి ఆ మిల్లులలో సమాన వేతనం అందుకోవడానికి మిగిలిన స్త్రీలు బహు కొద్దిమంది.

ఇంటికి వచ్చే రాబడి మొత్తాన్ని చూసి పేదరికాన్ని కొలవడం మాకు బ్యాంకులో అలవాటు. ఆ రాబడి ఎవరి చేతికి అందుతున్నదని మా దరఖాస్తులలో ఎక్కడా అడిగేవారు కాదు. బయట సంపాదన, చదువు ఉన్న స్త్రీ మాటకు ఇంటిలో విలువ పెరుగుతుందనీ, దాని మేలు బిడ్డలకు కూడా అందుతుందనీ, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన అమర్త్య సేన్ తన రచనలలో నొక్కిచెప్పారు. ఆ సత్యాన్ని నేను గ్రంథాలలో చదవకముందే మా చాపమీద చూశాను.

1992లో నాబార్డు సంస్థ స్వయంసహాయక బృందాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయత్నం ప్రారంభించింది. 1998లో, మిల్లు మూతబడి బావ ఇంట కూర్చున్న రోజులలో, అప్ప అటువంటి బృందంలో చేరి తన పేర ఖాతా తెరవడానికి వచ్చింది. వేలిముద్ర కోసం గుమాస్తా సిరాపెట్టె ముందుకు జరిపాడు. అప్ప దానిని పక్కకు నెట్టి, కలం అడిగి తీసుకొని, గుండ్రని తెలుగు అక్షరాలలో సంతకం చేసింది. "ఆ అయిదో తరగతి ఇన్నాళ్లకు అక్కరకొచ్చిందిరా, తమ్ముడూ" అన్నది నవ్వుతూ. నాకు నోట మాట రాలేదు. నేను అందుకొన్న ప్రతి జీతంలోనూ ఆమె చదువు మూల్యం కలిసి ఉన్నదని ఆమె ఏనాడూ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2013లో కన్యాశ్రీ పథకం ప్రవేశపెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండేవరకు వివాహం చేసుకోక చదువు సాగించిన పేదింటి బాలికకు, ఆమె ఖాతాలోనే 25,000 రూపాయలు జమచేసే ఏర్పాటు అది. అప్ప మనుమరాలికి ఆ సొమ్ము అందిననాడు నేను టీటాగఢ్ వెళ్లాను. పెళ్లిఖర్చులకు దాచుదామని ఇంట్లో ఎవరో అన్నారు. "అది దాని డబ్బు. కాలేజీకి కట్టండి" అన్నది అప్ప. ఆ మాటకు ఎవరూ ఎదురాడలేదు.

ఒక్క పాసుపుస్తకంతో దారిద్ర్యం తొలగిపోదు. పని కావాలి, పనికి తగిన కూలి కావాలి, ఆ కూలి పనిచేసిన చేతికే అందాలి. ఈ మూడూ ఒకప్పుడు మా అమ్మకు ఉన్నాయి. ఆమె కూలిని పైఖర్చు అనుకొన్ననాడే మా ఇంట పేదరికం మరో తరానికి సంక్రమించింది.