నోటుపుస్తకం మీద తేదీ లేదు

మేము మదరసాలో ‘నహ్వ్‌మీర్’ బోధించడం మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. సుమారు ఆరు వందల ఏళ్లనాడు సయ్యద్ షరీఫ్ జుర్జానీ రచించిన ఆ వ్యాకరణ గ్రంథం, మేము విద్యార్థులుగా ఉన్ననాడు ఏ వాక్యంతో మొదలయ్యేదో ఈనాడూ ఆ వాక్యంతోనే మొదలవుతున్నది. ఉస్తాదు చెప్పగా దాని అంచుల్లో వ్రాసుకున్న హాషియా నేటికీ అక్కరకు వస్తున్నది. పుస్తకమంటే అలాగే ఉంటుందని నమ్మిన మాకు, నలభై దాటాక కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మరో రకం పుస్తకంతో పని పడింది.

మా ప్రశ్నపత్రాలలో అరబీ, ఉర్దూ కుడి నుండి ఎడమకు, తెలుగు ఎడమ నుండి కుడికి ఒకే కాగితం మీద నడవాలి. ఇందుకు లిబ్రెఆఫీస్ వాడుతున్నాము. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుండి విడివడి ఆరంభమైన ఈ సాఫ్ట్‌వేరుకు రుసుము లేదు, దాని మూలం అందరికీ తెరిచి ఉంటుంది. చందాల మీద నడిచే మదరసాకు ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు. 2019లో 6.2 రూపం ఎక్కించినప్పుడు ఒక మిత్రుడు నేర్పిన పద్ధతిని నోటుపుస్తకంలో ఇలా వ్రాసుకున్నాము: “టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజ్ సెట్టింగ్స్, లాంగ్వేజెస్. అక్కడ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఎదుట టిక్కు పెట్టవలెను.” ఆ టిక్కు పెడితేనే అక్షరాల దిశ మార్చే బొత్తాలు పైన కనిపిస్తాయి. ఏ రూపానికి చెందిన మాటో, ఏనాడు వ్రాసినదో మాత్రం వ్రాయలేదు.

ఈ సాఫ్ట్‌వేరు ఏటా రెండుసార్లు కొత్త రూపు దాల్చుతుంది. 7.6 తరువాత 2024 ఆరంభంలో ఏకంగా 24.2 వచ్చేసరికి, నడుమ పదిహేడు మెట్లు మాకు తెలియకుండానే గడిచిపోయాయని కంగారుపడ్డాము. ఏడాదినీ నెలనూ తెలిపే కొత్త లెక్క అదని తరువాత తెలిసి మాకే నవ్వు వచ్చింది. మార్గదర్శక గ్రంథాలను వ్రాసేవారిలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులు. సాఫ్ట్‌వేరు ముందు నడుస్తుంది, గ్రంథం వెనుక వస్తుంది. ఏ రూపాన్ని ఆధారం చేసుకొని వ్రాశారో వారు మొదటి పుటలలోనే నిజాయితీగా చెబుతారు. ఆ పుటలు తిప్పేసి లోపలికి వెళ్లినవారము మేమే.

2024 సెప్టెంబరులో షష్‌మాహీ పరీక్షలకు మూడు రోజుల ముందు పాత కంప్యూటరు మూలపడింది. దాత ఒకరు ఇచ్చిన మరో కంప్యూటరులో 24.8ను మేమే ఎక్కించాము. మరునాడు చూస్తే దిశ మార్చే బొత్తాలు లేవు. నోటుపుస్తకం తెరిచి వెతికితే ‘లాంగ్వేజ్ సెట్టింగ్స్’ అన్న పేరే పట్టికలో లేదు. ముందురోజు సాయంత్రం ఆ యంత్రం వద్ద ఐదో తరగతి విద్యార్థి ఒకడు కూర్చున్నాడని మాకు గుర్తుకు వచ్చింది. అంతే, తరగతి అందరి ఎదుట, ముట్టవద్దన్నది ముట్టి పాడుచేశావని అతనిని మందలించాము. అతడు తల వంచుకొని నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని నేరం ఒప్పుకోవడంగా తీసుకున్నాము.

ఇషా నమాజు తరువాత ఏమీ తోచక ఎఫ్1 మీట నొక్కాము. యంత్రంలో ఉన్న రూపానికి సరిపోయే సహాయపు పుట తెరుచుకున్నది. మేము వెతుకుతున్నది ఇప్పుడు ‘లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్’ క్రింద ‘జనరల్’లో ఉన్నది. ఎవరూ ఏమీ పాడుచేయలేదు, పేరు మారింది. టిక్కు పెట్టగానే బొత్తాలు తిరిగివచ్చాయి. పట్టుమని రెండు నిమిషాల పని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏ ఆదేశం ముందుది, ఏది తరువాతది అని తెలియకుండా తీర్పు చెప్పరాదని నాసిఖ్, మన్సూఖ్ పాఠంలో ఏటా విద్యార్థులకు నూరిపోస్తాము. మా చేతివ్రాత విషయంలో మాత్రం ఆ ప్రశ్నే వేసుకోలేదు.

తెల్లవారి అదే తరగతిలో, అందరి ఎదుటే, “బేటా, పొరపాటు మాది, మమ్మల్ని క్షమించు” అన్నాము. అతడు ఎంతో తడబడి, “ఆ పేరు మారిందని నాకు ముందే తెలుసు హజ్రత్. మీ నోటుపుస్తకం తప్పని ఎలా చెప్పను?” అన్నాడు.

మందలింపు కన్నా ఆ మాటే మమ్మల్ని ఎక్కువ బాధించింది. ఉస్తాదు ఎదుట అదబ్ నేర్పామని సంతోషించేవాళ్లము. నిజం తెలిసీ నోరు మెదపలేని భయాన్ని కూడా దానితోపాటే నేర్పామని అప్పుడు అర్థమయింది.

ఇప్పుడు నోటుపుస్తకం మాదీ అతనిదీ కూడా. ప్రతి పుట తలమీద సాఫ్ట్‌వేరు రూపం సంఖ్య, తేదీ, ఆ పద్ధతిని స్వయంగా చేసి చూసినవారి పేరు ఉంటాయి. కొత్త రూపం వచ్చిన వారంలో ఇద్దరమూ కూర్చొని ఒక్కొక్క పంక్తినీ యంత్రం మీద పరీక్షిస్తాము. పాతదానిని చెరిపివేయము, చదవడానికి వీలుగా ఒక్క గీత గీసి పక్కన కొత్తది వ్రాస్తాము. 25.2 వచ్చినప్పుడు మేము నాలుగు పంక్తులు కొట్టివేశాము. అతడు రెండు కొట్టివేశాడు, రెండూ మేము వ్రాసినవే. ఈసారి మమ్మల్ని అడగలేదు.