నీలాపనిందలు – చదరంగపు బల్ల



ఈ పర్యాయము సంధుల గురించి గాని, పాఠ్యపుస్తకముల కొరత గురించి గాని వ్రాయుట లేదు. చదరంగము గురించి, అందునా అంతర్జాలములో ఆడే చదరంగము గురించి వ్రాయదలచినాను. తెలుగు అయ్యవారికి దీనితో ఏమి పని అని మీరు అనుకోవచ్చును. మీ ఇంట పది పన్నెండేళ్ళ బిడ్డ ఉండి, ఆ బిడ్డ చేతికి ఫోను చిక్కుతున్నదా? అయితే ఈ పని మీకును ఉన్నది.

ఆటలో పిల్లలు మోసము చేస్తే మనము "తొండి" అంటాము. మా హోసూరు ప్రాంతపు పిల్లలు తమలో తాము ఆడుకొనునపుడు "తొండి" అనియు, తమిళ పిల్లలతో ఆడునపుడు "అళుగుణి ఆట్టం" అనియు అరుస్తారు. రెండు మాటలకును బరువు తక్కువ. తొండి చేసినవాడు మరునాడు మరల ఆటకు వస్తాడు. పులి–మేక ఆటలో మేకను ఒక గీత ఎక్కువ జరిపినవానిని ఎవరూ దొంగ అనలేదు. "మళ్ళీ పెట్టరా" అన్నారు, అంతే. ఆట తెర మీదికి ఎక్కిన తరువాత ఈ చిన్న మాట పోయి, దాని స్థానములో పెద్ద పెద్ద మాటలు వచ్చి కూర్చున్నవి.

తెర మీది చదరంగములో తొండి ఎంత సులభమో తెలియని పెద్దలు మనలో అనేకులున్నారు. 1997లో ఐబీఎం వారి డీప్ బ్లూ యంత్రము నాటి ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించినది. ఒక విచిత్రము చూడండి: అప్పుడు కాస్పరోవ్ వెలిబుచ్చిన అనుమానము, యంత్రమునకు చాటుగా మనిషి సాయము చేసినాడేమో అని! నేడు అనుమానము తలక్రిందులైనది. స్టాక్‌ఫిష్ అనే ఉచిత ప్రోగ్రాము సాధారణమైన ఫోనులో కూడ ప్రపంచ విజేతను మించి ఆడగలదు. ఒక తెర మీద ఆట, ప్రక్క తెర మీద స్టాక్‌ఫిష్. ప్రత్యర్థి ఎత్తును అక్కడ పెట్టుట, అది చెప్పిన ఎత్తును ఇక్కడ వేయుట. ఐదేళ్ళ పిల్లవానికి కూడ చేతనగును.

పెద్దలకును చేతనైనది. 2021 జూన్‌లో, కోవిడ్ సహాయ నిధి కొరకు విశ్వనాథన్ ఆనంద్ పలువురు ప్రముఖులతో ఒకేసారి ఆడినారు. మన బడులలో మధ్యాహ్న భోజనము పెట్టే అక్షయపాత్ర సంస్థ కొరకు జరిగిన ఆట అది. అందులో ఒక్క నిఖిల్ కామత్ గారు ఆనంద్‌ను ఓడించినారు. మరునాడే, తనకు ఇతరుల సాయమును, కంప్యూటర్ల సాయమును అందినదని ఆయనే ఒప్పుకొన్నారు. ఆనంద్ మాత్రము, తాను బల్ల మీది స్థితిని చూచి ఆడినాననియు, అందరి వద్ద అదే ఆశించినాననియు అని ఊరకున్నారు.

కాబట్టి తొండి లేదని నేను వాదించుట లేదు. ఉన్నది, విరివిగా ఉన్నది. నా బాధ వేరు.

2021లో, బడులు మూసి ఉన్న రోజులలో, మా బడిలో ఏడవ తరగతి తెలుగు చదివే ఒక బాలుడు బడుల మధ్య జరిగిన ఒక అంతర్జాల పోటీలో పాల్గొన్నాడు. నిర్వాహకులు ఎవరన్నది ఇక్కడ అనవసరము. తల్లి పూలు కట్టి అమ్ముతుంది. తండ్రి గులాబీ తోటలో కూలి. ఆట తాత నేర్పినాడు. కనుక వానికి క్వీన్, బిషప్ తెలియవు. మంత్రి, శకటు తెలుసు. ఆడినది అమ్మ ఫోనులో. వరుసగా ఐదు ఆటలు గెలిచినాడు. ఆరవ ఆటకు ముందు వాని పేరు పట్టిక నుండి తీసివేసినారు. నాలుగు పంక్తుల ఇంగ్లీషు ఉత్తరము వచ్చినది. సారాంశము ఇది: ఎత్తులు కంప్యూటరు ఎత్తులతో సరిపోవుచున్నవి; ఆట నడుమ పలుమార్లు తెర విడిచి పోయినాడు; నిర్ణయము తుది నిర్ణయము.

ఆ ఉత్తరము వారి ఇంటిలో చదవగలవారు లేరు. వాని తల్లి ఫోనును కొంగులో చుట్టుకొని మా ఇంటికి తెచ్చినది. "ఏమి రాసినారు అయ్యవారూ? ప్రైజు వచ్చిందా?" అన్నది.

తెర ఎందుకు విడిచినావని వానిని అడిగినాను. "పూలోళ్ళు ఫోన్ చేస్తే ఎత్తాల కదా అయ్యవారూ, ఎత్తకుంటే అమ్మ కొడతాది" అన్నాడు. ఆ ఫోను ఆ ఇంటికి అంగడి వంటిది. సాయంత్రము వేళ బేరములు దానిలోనే నడుస్తవి. కాల్ చిట్టా తీసి చూచితిని. ఆటలు జరిగిన గడియలలో కాల్‌లు వరుసగా ఉన్నవి.

ఇక ఎత్తుల సంగతి. వాని వద్ద ఒక నోటుపుస్తకము ఉన్నది. ప్రతి ఆట ముగిసిన తరువాత, జ్ఞాపకము నుండి, మొత్తము ఎత్తులన్నింటిని వ్రాసిపెట్టినాడు. మంత్రికి "మం", గుర్రమునకు "గు", శకటుకు "శ", ఏనుగుకు "ఏ". నిలువు వరుసలకు ఇంగ్లీషు అక్షరముల బదులు క, ఖ, గ, ఘ. నేను నేర్పినది కాదు, వాడే కల్పించుకొన్నాడు. వర్ణమాల దండగ అనే తల్లిదండ్రులకు ఆ పుస్తకమును చూపవలెనని నాకు ఎన్నోసార్లు అనిపించినది. తన ఆటను ఆసాంతము జ్ఞాపకముంచుకొనగలవాడు ఆటను చూచి ఆడినవాడు. యంత్రము చెప్పగా వేసినవానికి అది కష్టము. కాని ఆ సాక్ష్యము తెలుగు లిపిలో ఉన్నది. అడిగినవారు లేరు, అడిగినను చదవగలవారు అక్కడ లేరు.

అరుగు మీద అట్టబల్ల పరచి, ఐదు ఆటలను మరల వేయించినాను. ప్రతి ఎత్తుకు "ఎందుకు?" అని అడిగినాను. "ఆ గుర్రం అట్లే ఉంటే నా మంత్రికి ఊపిరాడదు." "ఇక్కడ ఆయప్ప ఏనుగును తినుకోవచ్చు, కానీ తింటే నాకే నష్టం." ఇంగ్లీషులో అడిగి ఉంటే వాడు నోరు విప్పి ఉండడు. తెలుగులో అడిగినందున గంటన్నర సేపు గడగడ చెప్పినాడు. మూడవ ఆటలో ఒక చోట మాత్రము ఆగినాడు. నిక్షేపముగా నిలిచి ఉన్న శకటును వెనుకకు లాగినాడు. ఎందుకు? "తెలీదు అయ్యవారూ. అక్కడే ఉంటే ఏదో అయితుందనిపించింది." ఆ స్థితిని స్టాక్‌ఫిష్‌లో పెట్టి చూచితిని. దాని మొదటి ఎత్తు కూడ అదే.

నిర్వాహకులకు ఇంగ్లీషులో రెండు పుటల లేఖ వ్రాసినాను. కాల్ చిట్టాను, నోటుపుస్తకపు పుటలను, వాని వివరణల అనువాదమును జతపరచినాను. ఆ ఒక్క శకటు ఎత్తుకు వాడు కారణము చెప్పలేకపోయినాడని కూడ వ్రాసినాను. మా సహోపాధ్యాయుడు ఒకాయన, "సార్, ఆ ఒక్క ముక్క వదిలేసి ఉంటే బాగుండేది" అన్నాడు. నేను అట్లు అనుకొనను. ఎదుటివారిని నిజము చూడమని అడుగుతూ, నా చేతిలోని నిజములో ఒక పాలు దాచిపెట్టుట ఎట్లు? నిర్ణయము తుది నిర్ణయమని మరల ఒక పంక్తి వచ్చినది.

వాడు ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. చదరంగము ఆడడు. అడిగితే "టైం లేదు అయ్యవారూ" అంటాడు.

వానిని గురించి తలచుకొన్నప్పుడెల్ల, 2022లో లోకమంతయు మాటలాడుకొన్న తగవు గుర్తుకు వస్తుంది. సెప్టెంబరు 4న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, సింక్‌ఫీల్డ్ కప్ పోటీలో, నాటి ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సన్ 19 ఏళ్ళ హాన్స్ నీమన్ చేతిలో ఓడినాడు. మరునాడు పోటీ నుండి తప్పుకొన్నాడు. ఆరోపణ నోటితో అనలేదు. అనకయే లోకమంతటికి వినిపించినాడు. నీమన్ తన 12వ ఏట, 16వ ఏట అంతర్జాలములో తొండి చేసినట్లు ఒప్పుకొని, బల్ల మీద ఎన్నడూ చేయలేదన్నాడు. అక్టోబరులో చెస్.కామ్ వారు 72 పుటల నివేదిక వెలువరించినారు. అంతర్జాలములో వందకు పైగా ఆటలలో అతడు మోసము చేసి ఉండవచ్చునని అందులో ఉన్నది. సింక్‌ఫీల్డ్ ఆటలో చేసినాడనుటకు నిర్ణాయకమైన ఆధారము లేదని కూడ అందులోనే ఉన్నది. నీమన్ పది కోట్ల డాలర్ల దావా వేసినాడు. 2023 జూన్‌లో న్యాయస్థానము దానిని కొట్టివేసినది; ఆగస్టులో ఉభయులు రాజీ పడినారు. ఆ నివేదికలోని "ఆధారము లేదు" అన్న మాటను కార్ల్‌సన్ అప్పుడు అంగీకరించినాడు. ఆ ఏడాది చివర ప్రపంచ చదరంగ సమాఖ్య, సరియైన కారణము లేక పోటీ విడిచినందుకు అతనికి 10,000 యూరోల జరిమానా విధించినది. తక్కిన అభియోగముల నుండి విడిచిపెట్టినది.

మిత్రులారా, నీమన్ చిన్ననాడు చేసినది తప్పే. కాని ఒకనాడు తొండి చేసినవాడు ఈనాడు కూడ చేసి ఉంటాడన్నది అనుమానమే గాని సాక్ష్యము కాదు. నాలుగవ తరగతిలో కాపీ కొట్టినవాడు పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొంటే మన ఉపాధ్యాయుల గదిలో నడిచే సంభాషణ మీకు తెలియనిది కాదు.

వ్లదీమిర్ క్రామ్నిక్ కథ ఇంకను వింతైనది. 2006లో ఎలిస్తాలో తొపలోవ్‌తో ప్రపంచ పోటీ జరుగుతుండగా, క్రామ్నిక్ మాటిమాటికి స్నానపు గదికి పోవుచున్నాడని తొపలోవ్ మేనేజరు నింద వేసినాడు. అవమానముతో క్రామ్నిక్ ఐదవ ఆటకు కూర్చొనలేదు. ఆ ఆట పోగొట్టుకొన్నాడు. అయినను చివరకు గెలిచినాడు. అట్టి నింద మోసినవాడే, 2023 నుండి ఇతరుల అంతర్జాల ఆటల లెక్కలు తీసి బహిరంగముగా అనుమానములు వెలిబుచ్చసాగినాడు. హికారు నకమురా 46 ఆటలలో 45.5 పాయింట్లు తెచ్చుకొన్నాడనుట ఒకటి. వేలకొలది ఆటలు ఆడేవానికి అట్టి వరుస ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు, చెస్.కామ్ వారు చూచి అందులో తప్పేమీ లేదన్నారు. 2024 నుండి ఆ వేలు డేనియల్ నరోడిట్స్కీ వైపు తిరిగినది. పిల్లలకు, పెద్దలకు ఓపికగా చదరంగము బోధించిన గ్రాండ్‌మాస్టరు అతడు; మన వృత్తివాడే అనుకోండి. ఆ ఆరోపణలను ఖండిస్తూ వచ్చినాడు. 2025 అక్టోబరులో, 29వ ఏట మరణించినాడు. దానికి ఇదే కారణమని నేను అనను, అనుటకు తగను. చివరి రోజులలో కూడ ఆ నింద అతని మీద ఉన్నదన్నది మాత్రము నిజము. తరువాతి నెలలో ప్రపంచ సమాఖ్య క్రామ్నిక్ మీద తన నీతి సంఘమునకు ఫిర్యాదు చేసినది.

లెక్కల అయ్యవార్ల కొరకు ఒక చిన్న లెక్క. ఒక పోటీలో వెయ్యి మంది నిజాయితీపరులు, పది మంది తొండివారు ఉన్నారనుకొందాము. తొండిని పట్టే యంత్రము పది మందిని పట్టినది. నూటికి ఒక్కసారి మాత్రమే నిజాయితీపరుని పొరపాటున పట్టినది. నూటికి తొంబదితొమ్మిది సరియైన యంత్రము! కాని పట్టుబడిన ఇరువదిమందిలో పది మంది నిరపరాధులు. ఇందుచేతనే బఫలో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కెన్నెత్ రీగన్ వంటివారు, ఇట్టి లెక్కలతో దోషమును తేల్చవలెనంటే ప్రమాణము అత్యంత కఠినముగా ఉండవలెనంటారు.

వినాయక చవితినాడు మనము అక్షతలు చేత పట్టుకొని వినే శమంతకోపాఖ్యానమును నేను తరగతిలో ప్రతి ఏటా చెప్తాను. మణి పోయినది, ప్రసేనుడు మరణించినాడు, కృష్ణుడు ఆ మణిని మునుపు అడిగి ఉన్నాడు కనుక ఆయనే చంపినాడన్నారు. అడిగి ఉన్నాడు అన్నదే ఆధారము. కృష్ణుడంతటివాడు కూడ అడవిలో అడుగుజాడలు వెదకి, గుహ దూరి, జాంబవంతునితో ఇరువదెనిమిది దినములు పోరి మణిని తెచ్చి తన నిర్దోషిత్వమును నిరూపించుకొనవలసి వచ్చినది. పిల్లలు ఇక్కడ జాంబవంతుని పోరాటము అడుగుతారు. నేను సత్రాజిత్తు దగ్గర ఆగుతాను. నింద వేసినవాడు సిగ్గుపడి క్షమాపణ కోరినాడు, మణిని, కుమార్తెను తెచ్చి ఇచ్చినాడు. ఆ భాగమును మనము త్వరగా చదివి ప్రసాదమునకు పోతాము.

ఇప్పుడు మా బడిలో శనివారపు చదరంగమునకు కొన్ని కట్టడులు పెట్టుకొన్నాము. ఎవరైనను "తొండి" అంటే, ఏ ఎత్తు అని చూపవలెను. చూపిన తరువాత ఎదుటివాడు తన భాషలో, తెలుగో తమిళమో కన్నడమో, ఆ ఎత్తు ఎందుకు వేసినాడో చెప్పవలెను. "ఊరికే తోచింది" అనుట కూడ జవాబే. అంతర్జాల పోటీకి పిల్లవానిని పంపునపుడు, తప్పు పడితే కారణము వ్రాతలో ఇస్తారా, బిడ్డ మాట వినుటకు ఎవరైనను ఉన్నారా, ఏ భాషలో వింటారు అని ముందే అడిగి పంపుతున్నాము. ఈ ఏడాది రెండు పోటీల వారిని అడిగినాము. ఒకరు జవాబు ఇవ్వలేదు. మరొకరు, తెలుగు తెలిసినవారు తమ వద్ద లేరు గాని మీరు అనువదిస్తే వింటామన్నారు. ఆ పోటీకి ముగ్గురిని పంపినాము.

బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం మిత్రులకు ఒక మనవి. మీ పిల్లలకు ఇట్టి ఉత్తరములు వచ్చి ఉంటే, వాటిలో ఏమి వ్రాసినారో నాకు తెలుపండి. పిల్లల పేర్లు వద్దు. అట్లే, మీ వైపు శకటును శకటు అంటారా, ఒంటె అంటారా, మరేమైనా అంటారా అన్నది కూడ వ్రాయండి. మా పిల్లలు ఒక పట్టిక తయారు చేస్తున్నారు.