భయానక కథలు - ఒక చదువరి అభిప్రాయము

మనుష్యునకు భయమన్న గిట్టదు. భయము గొలుపు కథ యన్న మాత్రము మిక్కిలి ప్రీతి. ఈ వింతను మన పూర్వులు చక్కగా గుర్తించిరి. కనుకనే నవరసములలో భయానకమునకును, అద్భుతమునకును చోటిచ్చిరి. దయ్యము కథ చెప్పుమని పిల్లలు అవ్వను వేధించుట ఏ యింటనైనను కలదు. కథ నడచునంతసేపు దుప్పటి తలమీదికి లాగుకొందురు. ముగియగానే మరియొకటి చెప్పుమందురు. ఆ భయము కోరి తెచ్చుకొన్నది, కథతోపాటు తీరిపోవునది. అందుచేతనే అది ఆనందమగుచున్నది.

నేను చిన్ననాటినుండి ఇట్టి కథలను విడువక చదువుచున్నాను. ఇవన్నియు పిల్లలను చెరచునని కొందరు పెద్దలు చెప్పు మాటను నేనంగీకరింపను. అన్ని విధముల కథలలోవలెనే వీనిలోను మంచివి కలవు, చెడ్డవి కలవు. వానిని వేరుచేయుటకు కొలబద్ద యేది యనునదే ప్రశ్న.

మొదట అద్భుత కథలను చూతము. పదునైదవ శతాబ్దమున కొరవి గోపరాజు రచించిన 'సింహాసన ద్వాత్రింశిక'లో సింహాసనమునందలి ముప్పదిరెండు బొమ్మలు నోరు విప్పి విక్రమార్కుని కథలు చెప్పును. బొమ్మలు మాటలాడునా యని త్రోసిపుచ్చుట సులభము. పాలమూరు సీమలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు అట్లు చేయలేదు. 1949లో వెలువడిన తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వారు ఇట్టి కావ్యములనే సాక్ష్యములుగా గైకొనిరి. ఆనాటి ప్రజల తిండియు, కట్టుబొట్టును, ఆటపాటలును, నమ్మకములును అందుండి ఏరి కూర్చిరి. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. కల్పన యెంత వింతదైనను దానిలో జీవితసత్యము దాగియుండునని ఇందువలన తెలియుచున్నది.

1947 జూలైలో మద్రాసునుండి వెలువడనారంభించిన 'చందమామ' నేడు రాకున్నను, అందలి బేతాళ కథలను మరచిన తెలుగువారు అరుదు. శ్మశానము, చీకటి, భుజముమీద శవము, దానిలో బేతాళుడు! ఇంతకంటె భయంకరమైన దృశ్యము వేరొకటి కావలెనా? అయినను కథ ముగియగానే బేతాళుడు అడుగునది ధర్మసందేహము. తెలిసియు సమాధానము చెప్పకున్నచో విక్రమార్కుని తల పగులును. భయము గుమ్మము మాత్రమే, లోపలనున్నది న్యాయవిచారణ. ఆ పత్రికలోనే దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క', 'మకరదేవత' మొదలగు ధారావాహికలు పిల్లలను నెలనెలా ఎదురుచూచునట్లు చేసినవి. ఆ కథలలోని మాంత్రికుడు ఏ కొండలకావలనో, ఏ దీవిలోనో ఉండును. పుస్తకము మూయగానే అతడును అచ్చటనే నిలిచిపోవును.

తరువాతి కాలమున మాంత్రికుడు దీవిని విడిచి మన వీధిలోనికి వచ్చెను. 1980 ప్రాంతమున 'ఆంధ్రభూమి' వారపత్రికలో వెలువడిన యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఒక చిన్నపిల్లపై 'కాష్మోరా' యను క్షుద్రశక్తిని ప్రయోగించుట అందలి కథ. వైద్యుల వాదమును, మంత్రవాదుల వాదమును అందు ప్రక్కప్రక్కనే నడచును. చదువరిని కదలనీయని నేర్పు ఆ నవలలో కలదు. ఏది నిజమో తేల్చుకొనవలసిన భారము మాత్రము చదువరిపై పడును. ఆలోచించువారికి అది మంచి పరీక్ష. ముందే భయపడియున్నవారికి అది చాలినంత సాక్ష్యము.

2023లో వచ్చిన 'విరూపాక్ష' చలనచిత్ర కథను గూర్చియు నాకు ఇట్టి సందేహమే కలదు. అందు రుద్రవనమను గ్రామమువారు క్షుద్రపూజల అనుమానముతో దంపతులను సజీవముగా దహింతురు. గుంపు చేసిన ఆ ఘోరమును కథ దాచలేదు, అది మెచ్చదగినది. కాని ఆ దంపతుల శాపము ఫలించి ఊరు నాశనమగుచుండుటతో, మంత్రము నిజమే యను భావము చూచువారి మనసున నిలిచిపోవును.

కథను కథగా చూడరాదా యని మీరడుగవచ్చును. చూడవచ్చును. కాని మనమున్న చోటు కూడ తలచుకొనవలెను. మన తెలంగాణ పల్లెలలో 'బాణామతి' యను మాట వినోదము కాదు. ఇంటిమీద రాళ్ళు పడినను, దండెముమీది బట్టలు అంటుకొన్నను, అంతుచిక్కని జబ్బు చేసినను, దానికి కారకులెవరని వెదకుట కలదు. ఆ వేలు తరచుగా అండలేని ముదుసలిమీదను, బీదవానిమీదను నిలుచును. పళ్ళు లేకున్న మంత్రము పలుకదని వారి పళ్ళూడగొట్టిన ఉదంతములును, ప్రాణములే తీసిన ఉదంతములును పత్రికలకెక్కినవి. ఈ భయము కోరి తెచ్చుకొన్నది కాదు. కథతో తీరిపోవునదియు కాదు.

కనుక నా కొలబద్ద యిది: కథ ఎంత భయపెట్టినదని కాక, భయపడిన మనవేలు ఎవరివైపు చూపించినదని అడుగవలెను. ఆంగ్ల రచయిత్రి మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టయిన్' నవల 1818లో వెలువడినప్పుడు ఆమె వయసు ఇరువదేండ్లు. అందలి వికృతరూపుని చూచి మొదట జడియుదుము. పోనుపోను, వానిని సృష్టించి దిక్కులేనివానిగా విడిచిన విద్వాంసునిదే తప్పు కాదా యని తలపోయుదుము. వేలు బలహీనునినుండి మరలి బలవంతునివైపు తిరుగును. అది ఉత్తమమైన భయానక కథ.

భయమునకు నిజమైన కారణమును వెదకు కథలు మన సీమలో ఇంకను రావలసియున్నవి. అందుకు వస్తువునకు కొదువలేదు. దయ్యములకు మర్రిచెట్టు నివాసమని కథలు చెప్పును. మహబూబ్‌నగరము దాపున శతాబ్దములనుండి ఊడలు దించి నిలిచిన పిల్లలమర్రి కలదు. 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ యొకటి విరిగిపడగా, లోపల తొలుచుచున్నది చెదలని తేలినది. మరుసటి యేడు రోగికి ఎక్కించినట్లు సీసాలు కట్టి, చుక్కచుక్కగా మందెక్కించి దానిని కాపాడిరి. నల్లగొండ పల్లెలలో తరతరముల జనుల పళ్ళకు గారపట్టి, ఎముకలు వంగిపోయినవి. అందుకు కారణము బావినీటిలోని ఫ్లోరైడు. కంటికి కనబడక, రుచికి తెలియక, ప్రతి కడవలోను ఇంటికి వచ్చిన ఆ శత్రువుకంటె భయంకరమైన పిశాచమును ఏ కవి కల్పింపగలడు? దానిని తొలగించుటకు పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరు వాడు విధానమునకు లోకమున 'నల్లగొండ పద్ధతి' యనియే పేరు వచ్చినది.

నిమ్మకాయను కోసి నెత్తురు చూపువారి గుట్టును జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలవారు ఊరూర విప్పి చూపుచున్నారు. కత్తికి ముందుగా మందారపూవు రసము పూసియుంచుటయే ఆ గుట్టు. నిమ్మపులుపు తగులగానే అది ఎర్రబారును. ఆ సంగతి తెలిసిన పిల్లవాడు కూడ దయ్యపు కథను హాయిగా చదువుకొనవచ్చును. తెలివి వలన కథలోని రుచి తగ్గదు. ఊరిలోని భయమే తగ్గును.

కాబట్టి బాలబాలికలారా, భయానక కథలను నిస్సంకోచముగా చదువుడు. రాత్రి పెరటిలోనికి పోవుటకు కొంచెము జంకినను తప్పులేదు. కాని మరునాటి ఉదయము మీ వీధిలోని ఒంటరి ముసలమ్మ ఎదురైనప్పుడు, ఆ కథ మిమ్ములను ఆమెకు దూరము చేసినదా, లేక ఆమె చేతి సంచినందుకొని ఇల్లు చేర్చునట్లు చేసినదా యని ఒక్కమారు ఆలోచింపుడు. ఆ సమాధానమే ఆ కథ విలువ.