గడప దాటితే ఆగే మాట

ఒకటో తరగతిలో ఆ రోజు తొమ్మిది మంది పిల్లలు. గంట కొట్టకముందు బడి ఎదుట చింతచెట్టు కింద వాళ్లు ఆడుకుంటుంటే, కాస్త ఎడంగా నిలబడి విన్నాను. ఒకరి మాట పూర్తవకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు. ఒక పిల్లవాడి చింతగింజలు పోయినట్టున్నాయి. తగవు మొదలైంది. ఇద్దరు సాక్ష్యానికి వచ్చారు. రెండు జడల పిల్ల ఒకతె నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతా సవర భాష.

గంట కొట్టారు. చెప్పులు విప్పి వరసగా లోపలికి వచ్చారు. గడప దాటినవాళ్లు దాటినట్టే మాట ఆపేశారు. "ఈ రోజు ఏ వారం?" అని మేస్టారు అడిగారు. తొమ్మిది మంది చూపులూ గోడ మీది క్యాలెండరు వైపు వెళ్లాయి. పెదవి కదిపినవాళ్లు లేరు. తీర్పు చెప్పిన పిల్ల కూడా పలక అంచు గోకుతూ కూర్చుంది.

పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట ఏజెన్సీలో ఒక సవర గూడ అది. పాలకొండ నుంచి కొండదారి ఎక్కి, తారురోడ్డు వదిలేశాక ఇంకొంత దూరం నడవాలి. కొండచీపుర్లు కోసే రోజులు. ప్రతి వసారాలోనూ చీపుళ్లు ఆరబెట్టి ఉన్నాయి. ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని బారుగా ఉంటాయి, ఒకే అరుగు మీద ఉన్నట్టుంటాయి. చిన్న తరగతుల్లో పిల్లల మాట ఎలా ఎదుగుతుందో, బడి దాన్ని ఎక్కడ పెంచుతుందో, ఎక్కడ నొక్కేస్తుందో చూద్దామని వచ్చాను. మొదటి పది నిమిషాల్లోనే ఆ గడప కనిపించింది.

మేస్టారిది కింద పల్లం ఊరు. ఈ బడికి వచ్చి నాలుగేళ్లయింది. "మొదటి ఏడాది నేను రాసుకున్న రిజిస్టరు చూస్తే ఇప్పుడు సిగ్గేస్తదండి," అన్నారు. "ఈడు మాటాడడు, ఈడు మందకొడి, ఈ పిల్ల భయస్తురాలు. ఏడుగురికి ఇలాగే రాసీసినాను. ఆళ్లు మాటాడకపోడం కాదు, నాకు ఇనపడకపోడం అని తరవాత తెలిసింది."

తెలుగు మేస్టారికి సవర ఎందుకంత అందకుండా పోతుందో ఒక కారణం చెప్పుకోవాలి. గోండి, కోయ, కువి, కొండ భాషలు ద్రావిడ కుటుంబంలోవి. తెలుగువాడు చెవి పెట్టి వింటే ఎక్కడో ఒక మాట తన మాటలా తగులుతుంది. సవర ఆ కుటుంబంలోది కాదు. ముండారి, సంతాలీలకు చుట్టమైన ముండా భాష అది. పట్టుకోవడానికి కొస దొరకదు. దొరికినా దాని నడక వేరు. మనం 'అన్నం తింటున్నాడు' అని రెండు ముక్కలుగా చెప్పేదాన్ని సవరలో ఒక్క క్రియలో ఇమిడ్చి చెప్పవచ్చు. తినే వస్తువు క్రియ లోపలికే వెళ్లిపోతుంది, ఎవరు, ఎప్పుడు అన్నదీ దానికే అంటుకుంటుంది.

ఈ సంగతి తెలియకపోతే ఏమవుతుందో మేస్టారు చెప్పారు. మొదట్లో ఆయన బొమ్మ చూపించి ఏం జరుగుతోందని అడిగేవారట. పిల్లలు ఒక్క మాట చెప్పి ఊరుకునేవారు. అయిదేళ్లు నిండిన పిల్ల పూర్తి వాక్యం చెప్పాలి, ఒంటి మాటలతో సరిపెడితే మాట వెనకబడినట్టేనని శిక్షణలో విన్నారు. ఆ లెక్కన అందరూ వెనకబడ్డవాళ్లే. ఆ ఒంటి మాటలోనే పూర్తి వాక్యం ఉందని చెప్పేవాళ్లు అప్పుడు బడిలో లేరు.

ఇప్పుడు ఉన్నారు. ఈ గూడ అమ్మాయే, ఇంటర్ చదివింది, మాతృభాషా వాలంటీరు. ఆమె చుట్ట చుట్టిన చార్టు ఒకటి తెచ్చి గోడకు తగిలించింది. కొండ, గెడ్డ, చీపుర్లు మోసుకొస్తున్న ఆడవాళ్లు, వెనకాల ఒక కుక్క. ఆమె సవరలో ఏదో అంది. గది మారిపోయింది. తొమ్మిది మందీ లేచి చార్టు దగ్గరకు తోసుకొచ్చారు. కుక్క ఎవరి ఇంటిదో తేలలేదు. రెండు జడల పిల్ల చీపుర్లు మోస్తున్నది తన పిన్ని అని పట్టుబట్టింది. ఆ వాలంటీరు వాళ్లను నోరు మూసుకోమనలేదు. ఒకడు అన్నదాన్ని అందుకుని, ఇంకొంచెం పొడిగించి మళ్లీ వాడికే ఇచ్చింది. వాడు దాన్ని ఇంకా పొడిగించాడు. ఇరవై నిమిషాలు ఇదే పాఠం. చివర్లో పిల్లలు చెప్పినవాటిలోంచి నాలుగు వాక్యాలు ఎంచుకుని బోర్డు మీద రాసింది. మాటలు సవరవి, అక్షరాలు తెలుగువి. చదవమంటే చదివారు. వాళ్లు అన్న మాటలే కదా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన పద్ధతి ఇది. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా అని ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేశారు. మొదటి ఏడాది ఇంటి భాషలో మాట, చదువు. తరవాత తెలుగు మాటగా వస్తుంది, ఆ తరవాత రాతగా. ఆపైన ఇంగ్లిషు. కాగితం మీది క్రమం ఇది. ఆ గదిలో ఉన్నది వేరు. ఒకటో తరగతి పాఠ్యపుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో ఇంగ్లిషు, కుడి పేజీలో తెలుగు. సవర వాచకం బీరువాలోంచి తీసి చూపించారు, అంచులు చిరిగి ఉంది. ఆరేళ్లు నిండని పిల్ల ఒకే ఏడాదిలో మూడు భాషల ముందు నిలబడింది. వాటిలో తనకు తెలిసిన ఒక్కదానికే ఆ ఎదురుబొదురు పేజీల్లో చోటు లేదు.

పిల్లలు భాషలు ఇట్టే పట్టేస్తారన్న మాట మనం తరచూ వింటాం. అది సగమే నిజం. భాషా విద్యలో పేరున్న జిమ్ కమిన్స్ 1979లో ఒక తేడా చూపించాడు. ఆటలో, అంగడిలో సరిపోయే మాట వేరు, పాఠం అర్థం చేసుకోవడానికి కావలసిన భాష వేరు. మొదటిది రెండేళ్లలో వచ్చేస్తుంది. రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. సంతలో జీడిపిక్కలకు బేరం చేస్తున్న సవర పిల్లను చూసి 'తెలుగు వచ్చేసింది' అనుకునే మనం, అదే పిల్ల మూడో తరగతిలో లెక్కల ప్రశ్న చదివి తెల్లమొహం వేస్తే 'తెలివి లేదు' అంటాం. ఈ అన్యాయం నాకు కోపం తెప్పిస్తుంది.

లెక్కల మాట వచ్చింది కాబట్టి, మధ్యాహ్నం ఒక వసారాలో చూసింది చెప్పాలి. ఒక ముసలామె చీపుర్లు కట్టలు కడుతోంది. పక్కన వాలంటీరు కూర్చుంది. ఎన్ని కట్టలని అడిగితే ఆమె తన పాత లెక్కలో లెక్కపెట్టి చూపించింది. పన్నెండు దగ్గర 'మిగ్గల్' అంది. పదమూడుకు 'మిగ్గల్‌బొయ్', అంటే పన్నెండూ ఒకటీ. ఇరవై దాకా పన్నెండు మీదే కట్టుకుంటూ పోతుంది. ఆ తరవాత ఇరవై ఒక మెట్టు. ముప్పైమూడు అనాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. మన బడిలో స్థానవిలువ పది మీద నడుస్తుంది. పదమూడు అంటే పది, మూడు. ఇలాంటి ముసలామె ఒళ్లో లెక్క విన్న పిల్లకు పదమూడు అంటే పన్నెండు, ఒకటి. ఇప్పటి పిల్లల్లో చాలామంది సంత పుణ్యమా అని తెలుగు లెక్కే చెబుతారట. అయినా ఒక్క రోజు ఈ రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి, పదేసి కట్టాక ఎన్ని మిగిలాయి, పన్నెండేసి కట్టాక ఎన్ని మిగిలాయి అని చూపిస్తే స్థానవిలువ ఎంత తేటగా అర్థమవుతుందో అనిపించింది. మేస్టారితో అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు.

ఇక ఆ పిల్లవాడి కథ. నన్ను ఈ గూడ నుంచి కదలనివ్వనిది అదే.

ఇప్పుడు రెండో తరగతి. నిరుడు వాడు ఒకటో తరగతిలో ఉలకడు, పలకడు. తెలుగు రాదు కదా, అలవాటవుతాడులే అనుకున్నారు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు మాట్లాడకుండా వింటూ ఉండటం మామూలే. బడిలో పిల్లలకు భాష సమస్య ఉందని అందరికీ తెలుసు. ఆ తెలివిడి చాటునే ఈ పిల్లవాడి అసలు సంగతి దాక్కుంది. కనిపెట్టింది వాలంటీరు.

"చార్టు తగిలిస్తే అందరూ అరుస్తారు కదండి. ఈడు అప్పుడు కూడా ఊరుకుంటాడు. ముందు పక్కోడి మొహం చూస్తాడు, ఆడు నవ్వితే నవ్వుతాడు," అందామె. "తెలుగులో మాటాడకపోతే సరేనండి, మా భాషలో ఎందుకు మాటాడడు అనిపించింది."

ఆమె వాళ్ల ఇంటికి వెళ్లింది. నాయనమ్మను ఒక్కటే అడిగింది: ఇంట్లో మాట్లాడతాడా? మూడేళ్లప్పుడు బాగా మాట్లాడేవాడట. తరవాత తగ్గిందట. చెవి కారుతోంది, నూనె వేస్తున్నాం అందట ఆ ముసలామె. చెవిపొరకు చిల్లు ఉన్నప్పుడు నూనె వేస్తే మేలు లేదు, కీడే.

చెవిపొర వెనక నీరు చేరినా, చీము పట్టినా పిల్లవాడికి పూర్తిగా వినిపించకుండా పోదు. అందుకే పెద్దవాళ్లకు అనుమానం రాదు. పిలిస్తే తిరుగుతాడు. ఆ, ఈ, ఓ లాంటి గట్టి అచ్చులు అందుతాయి. స, త, ప లాంటి బలహీనమైన ధ్వనులు జారిపోతాయి. మాటల అంచులు అరిగిపోయి చేరతాయి. పైగా జలుబు చేసినప్పుడు ఒకలా, ఎండాకాలంలో ఒకలా వినిపిస్తుంది. ఒక రోజు విన్నవాడు మర్నాడు వినకపోతే మొండివాడంటాం.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందాలు చూడవలసిన ముప్పై సమస్యల్లో వినికిడి లోపం, మాట ఆలస్యం రెండూ ఉన్నాయి. వ్యాన్ వచ్చిన రోజు వాలంటీరు ఈ పిల్లవాణ్ని చెయ్యి పట్టుకుని ముందు నిలబెట్టింది. జిల్లా ఆస్పత్రికి వెళ్లమన్నారు. చీపుర్ల కాలంలో ఒక రోజు కూలి పోగొట్టుకుని తండ్రి రెండుసార్లు తీసుకెళ్లాడు. మందులతో చీము ఆగింది. ఒక చెవిపొరకు చిల్లు మిగిలింది, దానికి ఇంకా చూపించాలి. ఇప్పుడు వాణ్ని ముందు వరసలో, మంచి చెవి మేస్టారి వైపు ఉండేలా కూర్చోబెడుతున్నారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మేస్టారు మానేశారు. నేను చూస్తుండగా వాడు పక్కవాడి పలక లాక్కుని తగవు పెట్టుకున్నాడు. సవరలోనే. వాలంటీరు నా వైపు చూసి నవ్వింది.

ఏ బడిలోనైనా, ఏ భాష పిల్లల విషయంలోనైనా ఆ పిల్లవాడి నాయనమ్మను అడిగిన ప్రశ్నే ముందు అడగాలి. ఇంటి భాషలో వసపిట్టలా వాగే పిల్ల బడిలో ఊరుకుంటే లోపం పిల్లది కాదు. 'ఖ'ను 'క' అంటే ఉచ్చారణ దోషం కాదు, సవరలో ఆ ఒత్తు పలుకులు లేవు. మా శ్రీకాకుళం పల్లెల తెలుగులో మాత్రం ఎన్ని ఉన్నాయి? చిన్నప్పుడు నేను బడిలో 'ఏటి' అంటే ఒక పంతులుగారు 'ఏమిటి' అనేదాకా నిలబెట్టారు. ఆ ఏడాదంతా నేను చెయ్యి ఎత్తలేదు. కానీ రెండు భాషల్లోనూ మౌనంగా ఉండే పిల్ల వేరు. ఆ పిల్లకు చెవి చూపించాలి, మాట చూపించాలి, అదీ తొందరగా. ఈ రెండు మౌనాలనూ విడదీయగలిగింది ఆ పిల్ల భాష వచ్చిన మనిషే. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు సౌకర్యం కల్పించాలని 1956లో ఏడో సవరణతో వచ్చిన 350ఎ అధికరణం చెబుతోంది. ఆ సౌకర్యానికి ఈ గూడలో ఉన్న రూపం ఈ ఒక్క అమ్మాయి. వచ్చే జూన్‌లో తనను మళ్లీ తీసుకుంటారో లేదో ఆమెకు తెలియదు.

మేస్టారి గదిలో గిడుగు రామమూర్తి పంతులుగారి పటం ఉంది. ఆగస్టు 29కి దండ వేసిన గుర్తు, ఎండిన బంతిపూలు. ఆయన పుట్టింది 1863లో ఈ జిల్లాల్లోనే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని వాళ్ల మాట నేర్చుకున్నారు, వాళ్ల పిల్లల కోసం బడి పెట్టారు, వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. బడి పుస్తకంలోకి జనం మాట్లాడే తెలుగు రావాలని పోరాడటం, సవర పిల్లకు సవరలోనే చదువు చెప్పాలనుకోవడం నాకు రెండు పనుల్లా కనిపించవు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నారు. ఈ భాష వినడానికి ఆయన ఇచ్చింది చెవులే.

మూడు గంటలకు బడి వదిలారు. ఎండలో నడిచి గొంతు ఎండింది. కుండ దగ్గర రెండు జడల పిల్ల నిలబడి ఉంది. మంచినీళ్లన్నాను. కదల్లేదు. సవరలో నీళ్లను ఏమంటారో పొద్దున విన్నాను, 'డా' అని మొదలవుతుంది, మధ్యలో గొంతు ఒక్క క్షణం బిగిసి మళ్లీ 'ఆ' అని తెరుచుకోవాలి. 'డా' అన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. తను ఒకసారి అని చూపించింది, గొంతు మీద వేలు పెట్టి. 'డాఆ' అన్నాను. మళ్లీ కాదంది. ఈలోపు నలుగురు చేరారు. మూడోసారి గొంతు బిగించి, ఆపి, వదిలాను. ఆ పిల్ల కుండ మూత తీసి గ్లాసు ముంచింది.