నాన్న అంబాసిడర్

సాయంత్రాలు మా పాత ఇంటి షెడ్డులో సుత్తి చప్పుళ్లేమిటని కొందరు అడిగారు. అది మేమే, అన్నదమ్ములమిద్దరం. నాన్న అంబాసిడర్‌ను మళ్లీ విప్పాం.

1984 మోడల్, 1489 సీసీ పెట్రోలు బండి. గేరు స్టీరింగు పక్కనే, ముందు ఒకటే పొడుగు సీటు. నాన్న దాన్ని బాడుగకు తిప్పి మమ్మల్ని చదివించాడు. బడి రోజుల్లో మా పని స్పానర్లు అందించడం, బోల్టులు కిరసనాయిలులో కడగడం. ఇరవై ఏళ్లొచ్చేసరికి మేమే మేస్త్రీలమనుకున్నాం. ఒక వేసవిలో డోర్ల అడుగున తుప్పు కోయకుండా దానిమీదే లప్పం పెట్టి, ఎమెరీ పేపరు రుద్ది, తెల్లరంగు కొట్టాం. ఊరంతా మెచ్చుకుంది. నాన్న మాత్రం వేలితో తట్టి చూసి, ఏమీ అనలేదు. రెండు వానాకాలాలకే లప్పం పెచ్చులుగా ఊడింది. లోపల రేకు చేతిలో పొడైపోయింది.

తర్వాత పెళ్లిళ్లు, పిల్లలు, పరిచర్య. 2014లో అంబాసిడర్ల తయారీయే ఆగిపోయింది. నాన్న ప్రభువునందు నిద్రించాక, బండిని తుక్కుకు అమ్మాలా ఉంచాలా అన్న దగ్గర మొదలైన మాట పొలం గట్టు దాకా పోయింది. నాలుగేళ్లు మాకు మాటల్లేవు. ఆ నాలుగేళ్లలో మాలో పెద్దవాడు, అంటే ఈ వ్రాస్తున్నవాడు, మత్తయి 5:23-24 మీద రెండుసార్లు ప్రసంగించాడు. రెండుసార్లూ బాగుందన్నారు. లప్పం పని మాకు పాత అలవాటే.

మొన్న శ్రమ దినాల్లో పెద్దవాడు తమ్ముడి గుమ్మం ఎక్కాడు. క్షమించమనే మాట నోట రాలేదు. "ఇంజను పట్టేసింది రా, చూస్తావా?" అని మాత్రం వచ్చింది.

"తెలుసన్నా. షెడ్డు రేకులు లేచిపోయినప్పుడు టార్పాలిన్ కప్పింది నేనే" అన్నాడు తమ్ముడు.

స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి వారం వదిలేశాం. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. ఎనిమిదో రోజు క్రాంకు బోల్టుకు పెద్ద స్పానరు వేసి ఇద్దరం పట్టుకుంటే గోరంత కదిలింది. ఇద్దరం నవ్వేశాం. ఎన్నాళ్లకో!

ఈసారి లప్పం డబ్బా కొనలేదు. తుప్పు పట్టినంత మేరా కోసేస్తున్నాం. డ్రైవరు సీటు కింద ఇప్పుడు నేల కనిపిస్తోంది, చూడ్డానికి బండి మునుపటికంటే అధ్వానంగా ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త రేకు వెల్డింగు పెట్టుకున్నాం. వచ్చేటప్పుడు పొలం కాగితాలు కూడా తెస్తానన్నాడు తమ్ముడు.