జీపుకు విసంధి దోషం

మా బావమరిది జీపును చూసి లారీ అనుకునేవారెవరూ ఉండరు. కాని అమెరికా సైన్యం వారి లెక్కలో ఆ జాతి బండి పావు టన్ను ట్రక్కే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి అలాంటివి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. ఆ వంశపు బళ్లనే తర్వాత మహీంద్రా వారు మన దేశంలో కూర్చారు. మా మామగారు కొన్నది 1960ల నాటి పెట్రోలు బండి. చింతపల్లి వైపు మన్యంలో దానికున్న మర్యాద ఆ ఇంటి అల్లుడిగా నాకెన్నడూ దక్కలేదు.

2009 ఎండాకాలంలో మా బావమరిదికి ఒక బుద్ధి పుట్టింది. "ఏడాదిలో మూడు నెలల బురద కోసం పన్నెండు నెలలూ ఈ ఇనుమంతా ఎందుకు మోయాలి బావా? ముందు చక్రాల సరంజామా పీకించేసి, వెనక చక్రాలతోనే నడిచేలా చేయిస్తాను. పెట్రోలు కలిసొస్తుంది" అన్నాడు.

మా అత్తగారు వింటూనే చేతిలో చేట కింద పెట్టారు. "మొన్న శ్రావణంలో పై గూడెం పిల్లను కాన్పుకు దించింది ఏ బండిరా?" అని అడిగారు. ఆ గూడేనికి రోడ్డు లేదు. జీపు పోలేని రోజున మనిషిని డోలీ కట్టి మోసుకు రావలసిందే. బావమరిది జవాబు చెప్పలేదు గాని, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని నర్సీపట్నం బయలుదేరాడు. నా సాక్ష్యం ఎందుకో నాకు తెలియదు.

అక్కడి మేస్త్రీ డెబ్బై దాటిన మనిషి. సంగతంతా విని, బండి కింద గోనెసంచి పరిచి, "మాస్టారూ, మీరూ రండి" అన్నాడు. దూరాను. పాఠం చెప్పడం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

గేరుబాక్సు వెనకనే దానికి అతుక్కుని ఇంకొక పెట్టె ఉంటుంది. పేరు ట్రాన్స్‌ఫర్ కేసు. ఇంజను బలాన్ని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ పంచేది అదే. దాన్ని విప్పి పక్కన పెడితే సరిపోతుందని మా వాడి ఊహ. కాని గేరుబాక్సులోని ప్రధాన షాఫ్టు చివర ఆ పెట్టెలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. దాని కొసనున్న పళ్లచక్రమే పెట్టెలోని చక్రాలను తిప్పుతుంది. పెట్టె తీసేస్తే ఆ కొస గాలిలో వేలాడవలసిందే. వెనక చక్రాలకు బలం పోవాలంటే గేరుబాక్సు మొత్తం విప్పి, వేరే పొడవు షాఫ్టూ, దానికో తోకభాగమూ అమర్చాలి. సంధి జరిగిన చోట రెండో పదాన్ని లాగేస్తే మొదటి పదం ముక్క కూడా ఊడివచ్చినట్టన్నమాట!

అంతటితో అయిందా? ఈ పెట్టెనుంచి వెనక్కు పోయే షాఫ్టు బండి నడుమన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందుకు సరిపడా వెనక డిఫరెన్షియలూ పక్కకే ఉంది. గేరుబాక్సునుంచి తిన్నగా షాఫ్టు వేస్తే అది దీనికి కుదరదు. కనుక ఇరుసూ మార్చాలి. షాఫ్టు పొడవూ మారుతుంది. స్పీడోమీటరు తీగ కూడా ఆ పెట్టెకే తగిలించి ఉంది గనుక ముల్లు పడుకుంటుంది.

ఇన్ని చెబుతున్నా మా వాడు "ఎంతవుతుంది?" అనే అడుగుతున్నాడు. అప్పుడు మేస్త్రీ ఆ పెట్టె వెనకనున్న చిన్న డ్రమ్మును పానాతో తట్టాడు.

"ఇదేమిటో తెలుసా బాబూ? నీ హ్యాండు బ్రేకు."

ఈ జీపుల్లో హ్యాండు బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. పెట్టెనుంచి వెనక్కు వచ్చే షాఫ్టునే పట్టుకుంటుంది. పెట్టె పోతే అదీ పోయినట్టే. వేరే ఏర్పాటు చేయకుండా అలాంటి బండిని ఘాటీ ఎక్కించి, మలుపులో ఆపి, లోపల మనుషులను కూర్చోబెట్టి దిగడమంటే! మా వాడి ముఖం నేను చూడలేదు; బండి కింద చీకటి. కాని మళ్లీ ధర అడగలేదు.

"పోనీ, ముందు షాఫ్టు ఒక్కటీ తీసేస్తే?" అన్నాను, ఊరుకోలేక.

"తీయొచ్చు. బ్రేకు ఉంటుంది. కాని చక్రాలతోపాటు ముందు ఇరుసులోని చక్రాలు ఊరికే తిరుగుతూనే ఉంటాయి. బురదలో దిగబడితే రక్షించే దిక్కూ ఉండదు."

మేస్త్రీ చెప్పిన ఉపాయం ఇంకొకటి. ముందు చక్రాల నడుమ ఫ్రీ వీలింగ్ హబ్బులు బిగించడం. ఇవి కొత్తవేం కావు. అమెరికాలో వార్న్ అనే ఆయన 1948లోనే తెచ్చాడు. చేత్తో ఒకవైపు తిప్పితే చక్రాలు ఇరుసుతో పొత్తు వదిలి తమంత తాము తిరుగుతాయి. ముందు ఇరుసూ షాఫ్టూ విశ్రాంతి తీసుకుంటాయి. రెండోవైపు తిప్పితే మళ్లీ నాలుగు చక్రాల బలం. తారురోడ్డు మీద ఎలాగూ ఆ బలం వాడకూడదట. మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ నడిచే దూరాలు ఒకటి కావు. మట్టిలో జారి సర్దుకునే ఆ తేడా తారు మీద గేర్ల పళ్ల మీద పడుతుంది. పెట్రోలు మాత్రం కొద్దిగానే మిగులుతుందని ముందే చెప్పాడు. పెద్ద పని చేజార్చుకుని చిన్న పని చెప్పిన మేస్త్రీని నేను చూడడం అదే మొదలు.

రెండు రోజుల్లో హబ్బులు వచ్చాయి, బిగింపు అయింది. మా అత్తగారు వాటిని చూసి, "ఇవేనా? కుంకుమ భరిణెల్లా ఉన్నాయి" అన్నారు.

ఆ ఏడు వానలకు గూడెం దారిలో వాగు దగ్గర బండి ఆపి, మోకాలి లోతు బురదలో దిగి రెండు హబ్బులూ తిప్పే పని ఎవరిదన్నది ఆ ఇంట్లో కొత్త తగాదా. బావమరిది తన కొడుకును పంపేవాడు. వాడు ఒకటి తిప్పి, రెండోది మరచి ఎక్కేవాడు.